దాణాలో గంధకం, పాలలో వాసన: సరిహద్దు పల్లెల పాడి రైతుకు సమగ్ర మార్గదర్శి

చలికాలంలో ఒకరోజు ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, ఛెనా (పాలు విరగ్గొట్టి తీసే పన్నీరు లాంటి ముద్ద) చేసే కొట్టు నుంచి మా పాల క్యాను వెనక్కి వచ్చేసింది. కొట్టాయన గరిటెడు పాలు చిన్న గిన్నెలో వెచ్చబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, "గంధాఉఛి" అన్నాడు. వాసన వేస్తోంది అని. గిన్నె నా చేతికిచ్చాడు. ఉడికిన క్యాబేజీలో కాస్త ఆవ ఘాటు కలిసినట్టుంది. నీళ్ళు కలపని పాలు, విరగని పాలు, వెన్న తగ్గని పాలు. అయినా 18 లీటర్లు కాశీనగరం దాకా తిరిగి మోసుకొచ్చాం.

కారణం మా శాలలోనే దొరికింది. ఆ వారం వేరుశనగ చెక్క ధర పెరిగిందని ఆవాల చెక్క తెచ్చాం. ఇక్కడి ఒడియా కొట్లలో సొరిస పిడియా అంటే ఎప్పుడూ దొరుకుతుంది. అమ్మినాయన "ఏమీ కాదు, బాగా తింటాయి" అన్నాడు. బాగానే తిన్నాయి. మేం చేసిన తప్పల్లా దాన్ని తెల్లవారుజామున కుడితిలో నానబెట్టి, ఆవు తాగుతుండగానే పాలు పితకడం.

అప్పటి నుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట. పాలు వాసన వేశాయని దాణాలోంచి గంధకం తీసేయాలనుకోవడం పొరపాటు. గడ్డి మీద బతికే మన ఆవులకు చాలాసార్లు గంధకం తక్కువే అందుతుంది. మనం మార్చాల్సింది అది ఏ రూపంలో వెళుతోంది, ఏ వేళకు వెళుతోంది అన్నదే.

మొదటి పని: వాసన దాణాదేనా?

గంధకం వాసన అనిపించిన ప్రతిదానికీ దాణాను తప్పుపట్టకండి. వాసన ఎప్పుడు మొదలైందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

పితికిన వెంటనే, గోరువెచ్చని పాలలోనే వాసన ఉంటే అది మేత నుంచో, శాల గాలి నుంచో వచ్చింది. పితికినప్పుడు బాగానే ఉండి గంటలు గడిచేకొద్దీ పెరిగితే సూక్ష్మజీవుల పని. క్యాను మూత లోపలి రబ్బరు రింగు తీసి చూడండి, చాలావరకు అక్కడే దొరుకుతుంది. కాచినప్పుడు మాత్రమే కోడిగుడ్డు ఉడికిన వాసన లాంటిది వచ్చి, చల్లారాక తగ్గిపోతే అది జబ్బూ కాదు, తప్పూ కాదు. పాల నీటి భాగంలో బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. దాని మడతల్లో ఒక గంధకపు కొస దాగి ఉంటుంది. పాలు సుమారు 75 డిగ్రీలు దాటి వేడెక్కితే మడతలు విడిపోయి ఆ కొస బయటపడుతుంది, కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కాచిన పాల కమ్మదనంలో దానికీ వాటా ఉంది. ఛెనా చేసేవాళ్ళకు అది మేలు కూడా. వేడికి బయటపడిన ఆ కొసలు కేసీన్ అనే ముఖ్యమైన పాల ప్రొటీన్‌ను పట్టుకోవడం వల్ల, లేకపోతే తేటనీళ్ళలో పోయే ప్రొటీన్ కొంత ఛెనాలోనే నిలుస్తుంది.

ఇక నాలుగోది ఎండ. పాలను గాజు సీసాలోనో తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలోనో పోసి ఎండలో సైకిల్‌కు తగిలిస్తే, పాలలోని రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) వెలుతురుకు రేగి, ప్రొటీన్‌లో గంధకం ఉండే భాగమైన మెథియోనిన్‌ను విరగ్గొడుతుంది. ఉడికిన బంగాళాదుంప, కాలిన జుట్టు లాంటి వాసన వస్తుంది. దీనికి మందు: మూత ఉన్న స్టీలు క్యాను.

రెండో పని: పాలలోకి వచ్చే దారులు తెలుసుకోండి

గంధకం పాలలోకి రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి ప్రొటీన్‌లో ఇమిడి వస్తుంది. ఆవు పాలలో ప్రొటీన్ సుమారు 3.2 శాతం, అందులో ఐదింట నాలుగు వంతులు కేసీన్. మెథియోనిన్, సిస్టీన్ అనే రెండు అమైనో ఆమ్లాల్లో గంధకం ఉంటుంది. ఏ ప్రొటీన్‌లో ఎంత మెథియోనిన్ ఉండాలన్నది ఆవు పుట్టుకతోనే రాసి ఉంటుంది. మనం ఏం పెట్టినా ఆ వరస మారదు. మేత బాగుంటే ప్రొటీన్ మొత్తం కాస్త పెరుగుతుంది, అంతే. ఈ గంధకానికి వాసన లేదు.

రెండోది ఆవిరయ్యే గంధకం: డైమిథైల్ సల్ఫైడ్, డైమిథైల్ డైసల్ఫైడ్, వెల్లుల్లి నుంచి వచ్చే అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ లాంటివి. ఇవి అతి తక్కువ ఉన్నా ముక్కు పట్టేస్తుంది. మేత రూమెన్ అనే పెద్ద పొట్టలో పులిసేటప్పుడు ఇవి వాయువులై పైకి లేస్తాయి. ఆవు తేన్చినప్పుడు ఆ వాయువంతా బయటికి పోదు, కొంత ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అక్కడి నుంచి రక్తంలోకి, రక్తం నుంచి పొదుగులోకి. మేత అరిగి పేగుల ద్వారా రావడానికి పట్టే సమయం దీనికి అక్కర్లేదు, అర గంట చాలు. శాలలో ఉల్లి కుళ్ళిన వాసన నిండి ఉంటే, ఉల్లి తినని ఆవు పాలకూ ఊపిరి ద్వారా ఆ వాసన పట్టొచ్చు.

తిరుగు దారి కూడా అదే. రక్తంలో వాసన తగ్గితే పొదుగులో పాలు ఉండగానే అది మళ్ళీ రక్తంలోకి జారుకుని, ఊపిరితో బయటికి పోతుంది. అందుకే తిన్న మూడు గంటల లోపు పితికిన పాలలో వాసన ఎక్కువ, ఐదు గంటలు గడిస్తే చాలావరకు తగ్గిపోతుంది. కింద చెప్పబోయే వేళల లెక్కకు ఆధారం ఇదే.

మూడో పని: శాలలో ఉన్న సరుకుల పట్టీ రాయండి

పెన్నూ కాగితం తీసుకుని శాల చుట్టూ ఒకసారి తిరగండి. దాణా బస్తాలతో ఆపకండి. గట్టు గడ్డి, కూరగాయల తుక్కు, నాటుమందు, నీళ్ళు, అన్నీ రాయండి.

ఆవాల చెక్కలో గంధకం ఒక శాతం దగ్గర ఉంటుంది, వేరుశనగ చెక్కలో దాదాపు 0.3 శాతం. ఆవాల గంధకంలో చాలా భాగం గ్లూకోసినోలేట్ల రూపంలో ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ అవి నోరెత్తవు. నీళ్ళు తగలగానే గింజలోని ఎంజైమ్ వాటిని విరగ్గొట్టి ఘాటు నూనెగా మారుస్తుంది. ఇంట్లో ఆవ నూరినప్పుడు కళ్ళు మండేది దానికే. పితికే ముందు నానబెట్టిన ఆవచెక్క కుడితి పట్టడమంటే, ఘాటును తయారుచేసి మరీ పొదుగుకు పంపడం.

తెలగపిండిని మాత్రం నేను నెత్తిన పెట్టుకుంటాను. నువ్వుల ప్రొటీన్‌లో మెథియోనిన్ వేరుశనగ ప్రొటీన్‌లో కంటే రెట్టింపు పైనే ఉంటుంది. ఆవ ఘాటు లేదు. ఇందులోనూ కొంత ప్రొటీన్ రూమెన్‌లోనే విరిగిపోతుంది, మెథియోనిన్ అంతా పొదుగుకు చేరదు. అయినా వేరుశనగ చెక్క ఒక్కదాని మీద నడిచే దాణాలో కొంత తీసి తెలగపిండి వేస్తే లోటు కొంత పూడుతుంది. శ్రీకాకుళం వైపు గానుగలున్నంత కాలం ఇది మనకు అందుబాటులో ఉన్న మంచి సరుకు. కొనేటప్పుడు విరిచి చూడండి. బూజు చాళ్ళు ఉంటే ఎంత చవకైనా వద్దు. వేరుశనగ చెక్కకైతే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకి దిగుతుంది.

చలికాలంలో కొండ మీది బ్లాకుల (ఒడిశాలో మండలాల లాంటివి) నుంచి క్యాబేజీ, కాలీఫ్లవర్ లారీలు దిగుతాయి. సంతలో మిగిలిన ఆకులు ఊరికే వస్తాయని బండికెత్తుకొస్తాం. వీటిలో ఒక గంధకపు పదార్థం రూమెన్‌లో డైమిథైల్ డైసల్ఫైడ్‌గా మారుతుంది. వాసన సంగతి అలా ఉంచండి, అదే పనిగా ఎక్కువ పెడితే ఎర్ర రక్తకణాలు చితికి ఆవుకు రక్తహీనత వస్తుంది. ధర పడిపోయినప్పుడు పారబోసే ఉల్లిగడ్డలు కూడా అంతే, మూత్రం కాఫీ రంగుకు తిరిగిందంటే వెంటనే ఆపాలి. రోజు మొత్తం మేతలో ఈ తుక్కు ఒక చిన్న వాటాగానే ఉండాలి.

మనవాళ్ళు మరిచిపోయేది నాటుమందు. కడుపుబ్బరానికి వెల్లుల్లి, ఇంగువ, ఈనిన ఆవుకు వెల్లుల్లి, వాము, బెల్లం. పెట్టొద్దని నేననను. కానీ వెల్లుల్లి, ఇంగువ రెండూ గంధకపు సరుకులే. ఆ పూట, తరవాతి పూట పాలు ఇంట్లో వాడుకోండి, ఛెనా కొట్టుకు పంపకండి. గట్ల మీద మొలిచే వావింట కూడా ఆవాల దూరపు బంధువు. ఆకు నలిపి వాసన చూడండి, అదే ఘాటు. వాన పడ్డాక కోసిన గడ్డిలో అది ఎంత ఉందో ఓ కన్నేసి ఉంచండి.

రూమెన్‌లో కరగకుండా పైపూతతో వచ్చే మెథియోనిన్ ఇప్పుడు మందుల కొట్లలో దొరుకుతోంది. ఇది పేగుల్లో విడుదలై పాల ప్రొటీన్‌ను కొద్దిగా పెంచుతుంది. రోజుకు 8, 10 లీటర్లిచ్చే జెర్సీ క్రాస్‌కు దీని మీద డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం. 15 లీటర్లు దాటితే, లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లానికి కూడా లోటు లేకపోతే, అప్పుడు ఆలోచించండి. వాడేవాళ్ళు కుడితిలో నానబెట్టకండి, దాణాతో పాటు మర పట్టించకండి. పూత చెదిరితే రూమెన్‌లోనే ఖర్చయిపోతుంది.

ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్‌లో (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు గింజల పిప్పిలో) గంధకం 0.3 నుంచి ఒక శాతం దాకా మారుతూ ఉంటుంది. అమ్మేవాణ్ణి ఆ బస్తా పరీక్ష కాగితం అడగండి.

నాలుగో పని: రోజు గంధకం లెక్క వేయండి

పాడి ఆవుకు రోజు మేత పొడి బరువులో 0.2 శాతం గంధకం కావాలి. గడ్డి ఎక్కువున్న మేతలో 0.5 శాతం, దాణా ఎక్కువున్న మేతలో 0.3 శాతం దాటకూడదు.

10 లీటర్లిచ్చే మా ఆవు లెక్క ఇది. వరిగడ్డి పొడి బరువు 5 కిలోలు, గంధకం 0.1 శాతం చొప్పున 5 గ్రాములు. నేపియర్ పచ్చగడ్డి 20 కిలోలు అంటే పొడిగా 4 కిలోలు, దాన్నుంచి ఇంకో 5 గ్రాములు. దాణా 4 కిలోలు, దాన్నుంచి సుమారు 11 గ్రాములు. మొత్తం 13 కిలోల మేతకు 21 గ్రాములు. కావలసింది 26. అంటే పాలు గంధకం వాసన వేసిన ఆవుకే గంధకం చాలడం లేదు!

ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పేమోనని మూడుసార్లు కూడి చూశాను. ఇంకో విధంగానూ వేసి చూశాను. చెక్కలన్నీ తీసేసి పూర్తిగా ఆవాల చెక్కే వేసినా మొత్తం 27 గ్రాములు దాటలేదు. కాబట్టి ఆవచెక్కతో వచ్చిన చిక్కు గంధకం మోతాదుది కాదు, దాని రూపానిది.

పైన చెప్పిన దాణా పాళ్ళు 100 కిలోలకు ఇవి: మొక్కజొన్న నూక 35, తవుడు 30, తెలగపిండి 12, వేరుశనగ చెక్క 10, ఆవాల చెక్క 10, ఖనిజ లవణ మిశ్రమం 2, అయోడిన్ ఉప్పు 1. ప్రొటీన్ 19 శాతం చుట్టూ వస్తుంది. ఆవచెక్కను 10 కిలోల దగ్గర ఆపడం నా సొంత హద్దు. అంతకంటే ఎక్కువ వేసి బాగా నడిపేవాళ్ళూ ఉన్నారు, కానీ వాళ్ళు వేళ తప్పరు.

లోటు ఎలా పూడ్చాలి? యూరియా వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. రూమెన్‌లోని సూక్ష్మజీవులు యూరియా నత్రజనిని ప్రొటీన్‌గా మార్చాలంటే 10 నుంచి 12 పాళ్ళ నత్రజనికి ఒక పాలు గంధకం ఉండాలి. 40 గ్రాముల యూరియాలో నత్రజని 18 గ్రాములు, దానికి గంధకం గ్రామున్నర పైన కావాలి. అది లేకపోతే యూరియా ఖర్చు మూత్రంలో పోతుంది. ఖనిజ మిశ్రమం బస్తా మీద గంధకం శాతం చదవండి. అది చాలకపోతే పశువుల గ్రేడు సోడియం సల్ఫేట్ ఎంత వేయాలో పశువైద్యుడితో లెక్క కట్టించుకోండి. అందులో గంధకం సుమారు 22 శాతం, కాబట్టి మోతాదు గ్రాముల్లోనే ఉంటుంది. పొలంలో తెగుళ్ళకు చల్లే గంధకం పొడిని మాత్రం ఎవరు చెప్పినా దాణాలో కలపకండి.

కలిపే ముందు బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1000 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉన్న నీళ్ళు రోజుకు 50 లీటర్లు తాగితే సుమారు 17 గ్రాముల గంధకం నీళ్ళతోనే వెళుతుంది. దాని మీద డీడీజీఎస్ రెండు కిలోలు పడితే హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. వంశధార నీళ్ళు తాగే ఆవుకు వేసిన లెక్కను బోరు నీళ్ళు తాగే ఆవుకు వాడకండి.

ఐదో పని: వేళ మార్చండి

ఖర్చు లేని మార్పు ఇదొక్కటే, మాకు ఎక్కువ పనిచేసిందీ ఇదే. వాసన ఉన్న ఏ మేతైనా పితికిన తర్వాత ఒక గంట లోపు పెట్టాలి. పితకడానికి ముందు ఐదు గంటలు దాని జోలికి వెళ్ళకూడదు.

మా శాలలో పొద్దున్న 5 గంటలకు, సాయంత్రం 4 గంటలకు పితుకుతాం. ఆవచెక్క ఉన్న దాణా పొద్దున్న 6 గంటలకు, సాయంత్రం 5 గంటలకు, పొడిగానే పెట్టి పక్కన నీళ్ళు ఉంచుతాం. పితికేటప్పుడు గోలెంలో ఏదో ఒకటి లేకపోతే ఆవు చేపదు కదా. అందుకు విడిగా తవుడు, నూక, చిటికెడు ఉప్పుతో కుడితి చేస్తాం. మొదటి మూడు రోజులు మా ఎర్రావు మొహం తిప్పుకుంది, పాలు అర లీటరు తగ్గాయి. మా అత్తకు టెన్షన్ పట్టుకుంది. నాలుగో రోజు నుంచి అదే తాగింది.

సైలేజీ (గాలి తగలకుండా పులియబెట్టిన పచ్చిమేత) వాడేవాళ్ళకూ ఇదే వేళ. సంచి విప్పి, కావలసినంత తీసి, కాసేపు బయట గాలికి ఆరబెట్టి, పితికాకే పెట్టండి. విప్పిన సంచి శాలలో ఉంచకండి.

ఆరో పని: ముక్కుతో పరీక్షించండి

మారిందో లేదో ఊహతో చెప్పొద్దు. ఒకేలాంటి ఆవులు రెండు తీసుకోండి. ఒక వారం మొదటిదానికి పాత వేళకు, రెండోదానికి కొత్త వేళకు పెట్టండి. రెండో వారం తారుమారు చేయండి. ఆ రెండు వారాలూ ఇంకేదీ మార్చకండి.

పోలిక ఇలా చేయండి. ఒకేలాంటి మూడు స్టీలు గ్లాసులు. రెండింటిలో ఒక ఆవు పాలు, మూడోదానిలో రెండో ఆవు పాలు. గ్లాసు అడుగున సుద్దముక్కతో గుర్తు. మూడూ గోరువెచ్చగా ఉండాలి. మూత పెట్టి రెండు నిమిషాలాగి, ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, "ఇందులో వేరేది ఏది?" అని మాత్రమే అడగండి. వాసన మాట ఎత్తకండి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరిది సరిపోతుంది. కాబట్టి ఆరుగురిలో ఐదుగురు సరిగ్గా పట్టుకుంటేనే తేడా నిజమని నమ్మండి. జలుబు ఉన్నవాళ్ళనూ, చుట్ట కాల్చేవాళ్ళనూ పిలవకండి.

మా ఇంట్లో పాత వేళ పాలను ఆరుగురూ పట్టుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల అయితే మూత తీయగానే "ఇది ఆవపెట్టిన కూరలా ఉంది" అంది.

కర్రపెండలం, లేత జొన్న, అయోడిన్

ఇది వాసన లేని చిక్కు, అందుకే తెలియకుండా జరిగిపోతుంది. కర్రపెండలం తొక్కల్లో, ఆకుల్లో, లేత జొన్నలో సైనైడ్ పుట్టించే పదార్థాలున్నాయి. ఆవు శరీరం దాన్ని గంధకంతో కలిపి థయోసయనేట్‌గా మార్చి విరుగుడు చేసుకుంటుంది. అంటే అసలే తక్కువున్న గంధకం అక్కడ ఖర్చవుతుంది. ఆకులు ఎండబెట్టి పెట్టండి. జొన్నను లేతగా ఉన్నప్పుడూ, వాడిపోయి తిరిగి చిగిర్చినప్పుడూ మేపకండి.

థయోసయనేట్ ఆవాల చెక్క నుంచీ, క్యాబేజీ నుంచీ కూడా వస్తుంది. అది పాలలో ఉండటం సహజం, ఉపయోగం కూడా. పాలలోని లాక్టోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని వాడుకుని పచ్చి పాలలో సూక్ష్మజీవులను కాసేపు అదుపులో ఉంచుతుంది. అలాగని ఎవరైనా పొడి తెచ్చి "పాలలో కలిపితే నిలవుంటాయి" అంటే వినకండి, రైతు చేతుల మీదుగా పాలలో ఏదీ కలవకూడదు. థయోసయనేట్ ఎక్కువైతే పొదుగులోకి అయోడిన్ వెళ్ళకుండా అడ్డుపడుతుంది. కొండ ప్రాంతాల నేలలో అయోడిన్ అసలే తక్కువ. ఆ పాలు తాగేది మన పిల్లలే, దూడలే. ఆవచెక్క పెట్టే ఇంట్లో దాణాలో రాళ్ళ ఉప్పు కాకుండా అయోడిన్ ఉప్పే వేయాలని నేను పట్టుపట్టేది ఇందుకే. దూడ మెడ కింద వాపుతో పుడితే డాక్టరుకు చూపించండి.

ఈ గుర్తులు కనబడితే ఆగకండి

ఆవు ఊపిరిలో కుళ్ళిన గుడ్డు వాసన, చూపు ఆనక గోడకు గుద్దుకోవడం, తలను గోడకు ఆనించి నెట్టడం. ఇవి గంధకం మరీ ఎక్కువై మెదడు దెబ్బతింటోందనడానికి గుర్తులు. కొత్త దాణా, కొత్త బోరు నీళ్ళు రెండూ ఆపి, వెంటనే డాక్టరును పిలవండి. థయమిన్, అంటే విటమిన్ బి1 సూది, గంటల్లో పడాలి. నెమ్మదిగా పెరిగే రకం వేరు. గంధకం ఎక్కువైతే రాగిని పట్టేసుకుంటుంది, నల్ల వెంట్రుకలు ఎర్రబారతాయి, ఆవు ఎదకు రాదు. దానికి సొంతంగా మైలుతుత్తం పట్టకండి, రాగి మోతాదు దాటితే అది ఇంకో విషం.

వేళ మార్చిన మూడో వారం, రెండు పూటల పాలు విడిగా పట్టుకుని మళ్ళీ అదే ఛెనా కొట్టుకు వెళ్ళాను. ఆయన మునుపటిలాగే గరిటెడు పాలు వెచ్చబెట్టి వాసన చూశాడు. ఏమీ అనలేదు. క్యాను ఎత్తి పెద్ద కడాయిలో పోసి, రేపు 20 లీటర్లు తెమ్మన్నాడు. ఆవాల చెక్క ఇప్పటికీ మా దాణాలో పదో వంతు ఉంది.